కొద్దిపాటి ఓవర్‌క్లాకింగ్‌కు ఏ కూలర్ కొనాలి? ముందు వాట్లు తేల్చుకోండి

మీ దగ్గర ఉన్నది ఏఎండీ తయారుచేసిన రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 160 మిల్లీమీటర్ల ఎత్తు వరకు కూలర్ పట్టే క్యాబినెట్. పాత ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలర్‌నే ఇప్పటికీ వాడుతున్నారు. వీడియో ఎన్‌కోడింగ్ మొదలుపెట్టగానే ఉష్ణోగ్రత 90 డిగ్రీలకు చేరి అక్కడే నిలబడిపోతోంది, ఫ్యాన్ హోరు గది అంతా వినిపిస్తోంది. కొద్దిగా ఓవర్‌క్లాక్ కూడా, అంటే తయారీదారు నిర్ణయించిన దానికన్నా వేగంగా ప్రాసెసర్‌ను నడపడం కూడా, చేయాలని ఉంది. పంపుతో తిప్పే నీటి ద్వారా వేడిని తీసుకెళ్లి 240 మిల్లీమీటర్ల రేడియేటర్‌లో చల్లార్చే లిక్విడ్ కూలర్ కొనాలా, పెద్ద ఎయిర్ కూలర్ సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

ఎయిర్ కూలర్ సరిపోతుంది. ఆరు హీట్ పైపులు (వేడిని మోసే గొట్టాలు), రెండు టవర్లు (పలుచని లోహపు రేకుల దొంతరలు), రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉన్నది తీసుకోండి. అయితే ఈ మాట విని వెంటనే కొనేయకండి. కూలర్ పేర్లు పోల్చుకోవడం కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉంది: మీ ప్రాసెసర్‌ను ఎన్ని వాట్ల వరకు వాడనిస్తారు? అది తేలితే కూలర్ ఎంపిక చాలా వరకు దానంతటదే తేలిపోతుంది.

ప్రాసెసర్ పెట్టె మీద 105 వాట్ల టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అని ఉంటుంది. కూలర్ పెట్టె మీద 220 వాట్లు, 250 వాట్లు అని ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. రెండూ మీ అవసరానికి నేరుగా పనికొచ్చే అంకెలు కావు. ఏఎండీ లెక్కలో టీడీపీ అంటే ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు కాదు. ప్రాసెసర్ పైమూత ఇంత వేడిమి దాటకూడదు, కూలర్‌లోకి వచ్చే గాలి ఇంత వేడిమితో ఉంటుంది అనుకుని, ఆ తేడాను కూలర్ ఉష్ణ నిరోధంతో భాగించి తెచ్చిన సంఖ్య అది. అసలు పరిమితి పేరు పీపీటీ. సాకెట్ గుండా ప్రాసెసర్‌కు అందే మొత్తం విద్యుత్తుకు అది గీసిన గీత. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో 105 వాట్ల ప్రాసెసర్లకు ఆ గీత 142 వాట్ల దగ్గర ఉంటుంది. అంటే ఓవర్‌క్లాకింగ్ మాట ఎత్తకముందే మీరు 142 వాట్లకు సిద్ధంగా ఉండాలి. ఇంటెల్‌లోనూ ఇదే తంతు: కోర్ ఐ5-13600కే పెట్టె మీద 125 వాట్ల బేస్ పవర్ కనిపిస్తుంది, గరిష్ఠ టర్బో పవర్ మాత్రం 181 వాట్లు. కోర్ ఐ9-13900కేలో అదే 125 పక్కన 253 ఉంటుంది. ఇక కూలర్ తయారీదారులు చెప్పే వాట్లకు అందరూ పాటించే ఒకే కొలత లేదు. ఏ ప్రాసెసర్ మీద, ఎంత ఫ్యాన్ వేగంతో, గది ఎంత వేడిగా ఉండగా కొలిచారో చెప్పని అంకెను పోలికకు వాడకండి.

ఓవర్‌క్లాక్ చేస్తే ఈ 142 ఎంత పెరుగుతుంది? ప్రాసెసర్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు ఫ్రీక్వెన్సీతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గం మేరకు పెరుగుతుంది. వేగం 5 శాతం పెంచి, అది నిలకడగా ఉండటానికి వోల్టేజీ కూడా 5 శాతం పెంచారనుకుందాం. వేడి దాదాపు 16 శాతం పెరుగుతుంది. అదే 5 శాతం వేగం కోసం వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వస్తే 27 శాతం అవుతుంది. కొద్దిపాటి ఓవర్‌క్లాకింగ్ ఎక్కడ ఆగిపోవాలో ఈ లెక్కే చెబుతుంది. వోల్టేజీ పెంచకుండా వచ్చే వేగం దాదాపు ఉచితం, పెంచి తెచ్చుకునే వేగం అంతకంతకూ ఖరీదు. ఏ ప్రాసెసర్‌కైనా ఒక మలుపు ఉంటుంది. ఆ తర్వాత ప్రతి 50 మెగాహెర్ట్జ్‌కూ ముందటి కంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఆ మలుపు దగ్గర ఆగిపోయేవాళ్లకు భారీ కూలర్ అవసరం రాదు. దాన్ని దాటి వెళ్లేవాళ్లకు ఎంత పెద్ద కూలరైనా చాలదు.

మీ 5800ఎక్స్ విషయంలో నా సలహా ఇంకాస్త స్పష్టంగా చెబుతాను. అన్ని కోర్లనూ ఒకే వేగం దగ్గర బిగించే పాత పద్ధతి వద్దు. మీ ప్రాసెసర్ ఒకటి రెండు కోర్ల మీదే భారం ఉన్నప్పుడు తనంతట తానే 4.7 గిగాహెర్ట్జ్‌కు, వేడి అదుపులో ఉంటే ఇంకొంచెం పైకీ వెళుతుంది. అన్నింటినీ 4.6 దగ్గర కట్టేస్తే ఎన్‌కోడింగ్‌లో కాస్త లాభం కనిపించవచ్చు, రోజువారీ పనుల్లో చురుకు తగ్గుతుంది. దానికి బదులు బయాస్‌లో (కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు తెరిచే మదర్‌బోర్డు అమరికల్లో) ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అనే ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అమరిక తెరిచి, అందులో వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టండి. అక్కడ ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టుల తగ్గింపు. ఒకే వేగానికి తక్కువ వోల్టేజీ సరిపోవడంతో మిగిలిన విద్యుత్తును ప్రాసెసర్ అదనపు వేగంగా మార్చుకుంటుంది. పీపీటీని మొదట 142 దగ్గరే ఉంచండి. నిలకడగా ఉందని తేలాక 150, 160 వరకు పెంచి చూడండి. 160 దాటాక దక్కే వేగం చాలా కొంచెం, పెరిగే వేడి చాలా ఎక్కువ. ఒక మాట గుర్తుంచుకోండి: ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ దెబ్బతింటే వారంటీ వర్తించదని తయారీదారు ముందే చెబుతున్నాడు.

కాబట్టి మనం కూలర్ వెతుకుతున్నది 140 నుంచి 160 వాట్ల కోసం. ఇది మంచి ఎయిర్ కూలర్ మోయగలిగిన బరువే. కానీ ఈ ప్రాసెసర్‌లో ఇంకో చిక్కు ఉంది, లిక్విడ్ కూలర్ కొన్నవాళ్లలో కూడా చాలామంది నిరాశపడేది అక్కడే.

5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ ఒకే ఒక్క చిప్‌లెట్‌లో, అంటే ఒకే చిన్న సిలికాన్ ముక్కలో ఉంటాయి. 7 నానోమీటర్ల పద్ధతిలో తయారైన ఆ ముక్క వైశాల్యం 80 చదరపు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మెమరీని, ఇతర అనుసంధానాలను చూసుకునే ఇంకో చిప్ పక్కనే ఉంటుంది, దాని వేడి తక్కువ. అంటే వందకు పైగా వాట్ల వేడి గోరంత చోటు నుంచి బయటకు రావాలి. ఆ వేడి ముందు సిలికాన్‌ను దాటి, దాని పైనున్న టంకాన్ని దాటి, రాగి పైమూతలో పరుచుకుని, థర్మల్ పేస్ట్‌ను దాటి, ఆ తర్వాతే కూలర్‌ను చేరుతుంది. సన్నని మూతి ఉన్న కుండలోంచి నీళ్లు వంచుతుంటే కింద పెట్టిన గంగాళం ఎంత పెద్దదైనా ధార లావెక్కదు. ఇక్కడ ఆ మూతి కూలర్‌లో లేదు, ప్రాసెసర్‌లోనే ఉంది. అందుకే 5800ఎక్స్ మీద నాణ్యమైన రెండు టవర్ల ఎయిర్ కూలర్‌కూ 240 లిక్విడ్ కూలర్‌కూ మధ్య తేడా కొద్ది డిగ్రీలకు మించదు. 142 వాట్ల పూర్తి భారం మీద ఏ మంచి కూలర్ పెట్టినా 80 డిగ్రీల పరిసరాల్లోనే చూస్తారు. ఈ ప్రాసెసర్‌కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు, కాబట్టి 80 చూసి కంగారు పడనక్కర్లేదు. 90 దగ్గర అతుక్కుపోవడమే సమస్య, ఎందుకంటే అక్కడ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 60 డిగ్రీలు కావాలనే పట్టుదలతో డబ్బు పోయకండి, అది కూలర్ చేతిలో లేదు.

మరి చిన్న కూలర్‌కూ పెద్ద కూలర్‌కూ తేడా ఎక్కడ? నా దృష్టిలో అది ముఖ్యంగా శబ్దంలో ఉంది, ఈ విషయం మీద కొంచెం ఆగుతాను.

ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా సగానికి తగ్గుతుంది. శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, ఎందుకంటే ఫ్యాన్ వెదజల్లే ధ్వని శక్తి వేగపు అయిదో ఘాతం మేరకు మారుతుంది. అదే వేగంతో ఇంకో ఫ్యాన్ చేర్చితే పెరిగేది 3 డెసిబెల్సే. అందువల్ల ఒక ఫ్యాన్‌ను పరుగులు పెట్టించడం కంటే రెండు ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పడం ఎప్పుడూ నయం. రేకుల వైశాల్యం ఎక్కువగా ఉంటే నెమ్మదైన గాలి కూడా కావలసినంత వేడిని మోసుకుపోతుంది. రెండు టవర్లు కావాలని చెప్పింది ఇందుకే. నాలుగు హీట్ పైపుల ఒంటి టవర్ కూలర్ కూడా 142 వాట్లను ఏదో విధంగా ఈడ్చుకురాగలదు, కానీ ఫ్యాన్ పూర్తి వేగానికి దగ్గరగా తిరుగుతూ. మీ ప్రశ్నలో వేడి కంటే హోరు గురించిన బాధే నాకు ఎక్కువగా వినిపించింది.

హీట్ పైపుల సంఖ్య చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. హీట్ పైపు అంటే ఉత్త రాగి కడ్డీ కాదు. లోపల గాలి తీసేసి కొద్దిగా నీరు పోసి మూసిన గొట్టం. ప్రాసెసర్ దగ్గర నీరు ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరై, గోడలకు పూసిన రంధ్రాల పొర గుండా వెనక్కి వస్తుంది. ఆరు పైపులున్నా, ఒకటి రెండు ప్రాసెసర్ చిప్‌కు దూరంగా అంచుల్లో ఉంటే వాటికి పని తగ్గుతుంది. అడుగు భాగం నునుపుగా, సమతలంగా ఉందా, పైపులు రేకులకు గట్టిగా అతికాయా అన్నది సంఖ్య కంటే ముఖ్యం. ఇవి కొనకముందు కంటితో చూసి తెలుసుకోలేం. ఒకే ప్రాసెసర్ మీద, శబ్దాన్ని సమానంగా ఉంచి పలు కూలర్లను పోల్చిన సమీక్షలు వెతికి చూడండి. అన్ని ఫ్యాన్లనూ పూర్తి వేగంతో తిప్పి కొలిచిన పట్టికలు మీకు ఉపయోగపడవు.

కొలతల దగ్గరకు వద్దాం. మీకు 160 మిల్లీమీటర్ల హద్దు ఉంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ఎత్తు 155 మిల్లీమీటర్లు, హాయిగా పడుతుంది. డీప్‌కూల్ ఏకే620 సరిగ్గా 160, అంటే పక్క తలుపు రేకుకు తగులుతుందో లేదో అన్నంత దగ్గర. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 పేరు అందరి నోటా వింటారు, కానీ దాని ఎత్తు 165, మీ క్యాబినెట్ తలుపు మూసుకోదు. ఎన్‌హెచ్-యూ12ఏ 158, ఒంటి టవరైనా ఏడు హీట్ పైపులతో గట్టిగా పని చేస్తుంది. వీటిలో మీ అవసరానికి మొదటిది సరిపోతుంది.

ఎత్తుతో పాటు ర్యామ్‌ను మరిచిపోకండి. రెండు టవర్ల కూలర్‌లో ముందు ఫ్యాన్ ర్యామ్ స్లాట్ల మీదకు వస్తుంది. మీ ర్యామ్‌కు ఎత్తైన అలంకార రేకులు ఉంటే ఆ ఫ్యాన్‌ను పైకి జరపాలి. ఫ్యాన్ టవర్ పైఅంచును దాటిన ప్రతి మిల్లీమీటరూ కూలర్ మొత్తం ఎత్తుకు కలుస్తుంది. 155 కాస్తా 165 అయిపోవడం ఇలాగే. స్కేలు తీసుకుని ర్యామ్ ఎత్తు కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

ఇంకా ఏమీ కొనకముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి అదే ఎన్‌కోడింగ్ మళ్లీ నడపండి. 90 దగ్గర అతుక్కుపోయి ఉంటే ఉష్ణోగ్రతలో మార్పు కనిపించకపోవచ్చు కాబట్టి కోర్ల వేగాన్ని, ఫ్యాన్ వేగాన్ని కూడా చూడండి. తలుపు తీయగానే వేగం పెరిగినా, ఉష్ణోగ్రత 5 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తగ్గినా మీ క్యాబినెట్‌కు ఊపిరాడటం లేదని అర్థం. కూలర్ చల్లదనాన్ని పుట్టించదు, తనలోకి వచ్చే గాలి కంటే ప్రాసెసర్ ఎంత ఎక్కువ వేడిగా ఉండాలో మాత్రమే నిర్ణయిస్తుంది. ఆ గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. గ్రాఫిక్స్ కార్డు రెండు మూడు వందల వాట్లు అదే పెట్టెలో వదులుతుంటే, ముందు భాగం గాజుతో మూసుకుపోయి ఉంటే, ఏ కూలర్ కొన్నా ఫలితం సగమే. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తెచ్చేలా, వెనుక ఒకటి బయటికి నెట్టేలా అమర్చండి. చాలా సందర్భాల్లో ఖరీదైన కూలర్ కంటే ఈ మూడు ఫ్యాన్లే ఎక్కువ మేలు చేస్తాయి.

లిక్విడ్ కూలర్ అసలు వద్దని నేను అనడం లేదు. దాని అసలు బలం నీటి ఉష్ణ ధారణ. నీరు వేడెక్కడానికి చాలా నిమిషాలు పడుతుంది, కాబట్టి అప్పుడప్పుడూ వచ్చిపోయే భారానికి ఫ్యాన్లు ఉలిక్కిపడవు. 250 వాట్ల తరగతి ప్రాసెసర్ అయితే, లేదా పెద్ద టవర్ పట్టని తక్కువ ఎత్తు క్యాబినెట్ అయితే, లేదా కంప్యూటర్‌ను తరచూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లేవారైతే నేనే 360 లేదా 280 రేడియేటర్ సూచిస్తాను. కిలోకు పైగా బరువున్న టవర్‌ను మదర్‌బోర్డుకు వేలాడదీసి ప్రయాణం చేయించడం మంచిది కాదు. కానీ మీలాగా గంటల తరబడి సాగే ఎన్‌కోడింగ్‌లో నీరు ఎలాగూ వేడెక్కి స్థిరపడుతుంది. ఆ తర్వాత రేడియేటర్ వైశాల్యమే లెక్క. 240 రేడియేటర్ ఆ లెక్కలో రెండు టవర్లను పెద్దగా మించదు. పైగా పంపు ఉంటుంది, అది ఒక రోజు ఆగిపోతుంది. గొట్టాల గుండా ఏళ్ల తరబడి నీరు కొద్దికొద్దిగా ఇంకిపోతూ లోపల గాలి చేరుతుంది. టవర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని మార్చుకోవచ్చు. అయినా లిక్విడ్ వైపే మనసు లాగితే రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగంలో బిగించండి. పంపు మొత్తం వలయంలో అన్నిటికంటే ఎత్తున ఉండకుండా చూడండి, లేకపోతే చేరిన గాలి పంపులోకి వచ్చి గరగరలాడుతుంది.

బిగింపు గురించి. పాత కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు నిట్టనిలువుగా లాగకండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్ట్ దాన్ని సాకెట్‌లోంచి ఊడబెరికి పిన్నులు వంగే ప్రమాదం ఉంది. పది నిమిషాలు భారం నడిపి, కంప్యూటర్ ఆపి, విద్యుత్తు తీసేసి, కూలర్‌ను నెమ్మదిగా కుడికీ ఎడమకీ తిప్పుతూ వదులు చేయండి. కొత్త కూలర్ కోసం సాకెట్ పక్కనున్న ప్లాస్టిక్ పట్టీల మరలు తీసినప్పుడు బోర్డు వెనకనున్న బ్యాక్‌ప్లేట్ జారి పడిపోతుంది, ఒక చేత్తో పట్టుకోండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవండి. కొత్త పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత వేసి, నాలుగు మూలల వైపూ చిన్న చుక్కలు పెట్టండి. కూలర్‌తో వచ్చే పేస్టే చాలు. గాలియం కలిసిన లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లకండి, అది అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒలికితే బోర్డు మీద షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కూలర్ అడుగున అంటించిన పారదర్శక పొర తీసేశారో లేదో రెండోసారి చూసుకోండి. రెండు మరలనూ చెరి కొన్ని చుట్లు తిప్పుతూ సమానంగా బిగించండి. ఫ్యాన్ల గాలి క్యాబినెట్ వెనుక వైపు పోయేలా ఉండాలి.

 

తర్వాత ఫ్యాన్ వక్రరేఖ, అంటే ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే అమరిక. రైజెన్ ఉష్ణోగ్రత ఒక్క క్షణంలో పది డిగ్రీలు ఎగిరి మళ్లీ పడుతుంది. తెర మీద ఏదో ఒక ప్రోగ్రామ్ తెరిచినా చాలు. బయాస్‌లో ఫ్యాన్ స్పందనను కొన్ని సెకన్లు ఆలస్యం చేసే అమరిక ఉంటుంది, దాన్ని పెట్టండి. 70 డిగ్రీల వరకు ఫ్యాన్లను 40 శాతం చుట్టుపక్కల ఉంచి, అక్కడి నుంచి 85 వరకు క్రమంగా పెంచండి. చిన్న కూలర్‌కు అలవాటు పడిన నిట్టనిలువు వక్రరేఖను అలాగే వదిలేస్తే కొత్త కూలర్ కూడా హోరెత్తుతుంది, దాన్ని నిందించి లాభం లేదు.

పరీక్షించేటప్పుడు ప్రాసెసర్ మీద భారం పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ను ఒక్కసారి నడిపి వదిలేయకండి, అరగంట పాటు వరుసగా నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే పర్యవేక్షణ ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత, పీపీటీ వాట్లు, కోర్ల వేగం మూడూ కలిపి చూడండి. కర్వ్ ఆప్టిమైజర్ నిలకడ భారీ భారం కింద బయటపడదు. ఖాళీగా ఉన్నప్పుడో, ఒక్క కోర్ మీదే పని పడినప్పుడో యంత్రం దానంతటదే రీస్టార్ట్ అయితే మైనస్ అంకె ఎక్కువైందని తెలుసుకుని రెండు మూడు అంకెలు వెనక్కి రండి. ప్రైమ్95 అనే ప్రోగ్రామ్‌లోని ‘చిన్న ఎఫ్ఎఫ్‌టీ’ అనే అతి భారీ పరీక్షలో ఇంకా ఎక్కువ వేడి కనిపిస్తుంది, మీ ఎన్‌కోడింగ్ అంత భారం ఎప్పుడూ పెట్టదు కాబట్టి ఆ అంకెకు భయపడి కూలర్ మార్చకండి.

142 వాట్ల దగ్గర, ఫ్యాన్లు బాగా తిరుగుతున్నా ఇంకా 90ని తాకుతుంటే కూలర్‌ను విప్పి పేస్ట్ పరుచుకున్న తీరు చూడండి. మధ్యలో పలచగా, అంచుల దాకా సమానంగా ఉంటే బిగింపు సరైనదే. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉంటే ఒక మర వదులుగా ఉంది. తుడిచి, కొత్త పేస్ట్ వేసి మళ్లీ బిగించండి. అప్పటికీ మారకపోతే పీపీటీని 125కు దించి చూడండి, ఎన్‌కోడింగ్ సమయంలో మీరు గమనించగలిగేంత తేడా రాదు.